మా అల్లుడి ఉప్పునీళ్ళు

మా అల్లుడు ఏం ఉద్యోగం చేస్తాడని ఎవరైనా అడిగితే ఉప్పునీళ్ళకి కాపలా కాస్తాడని చెప్తాను. మా అమ్మాయికి ఒళ్ళు మండుతుంది. "టెస్ట్ ఇంజనీర్ అని చెప్పొచ్చుగా అమ్మా" అని పలక మీద రాసి నా ముక్కు దగ్గర పెడుతుంది. చెప్పొచ్చు. కానీ నేను ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషిని. సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైనదాన్ని, మీసాలొచ్చినవాణ్ణి పసివాడని చెప్పి అర టికెట్టు అడిగితే మొహం మీదే నవ్వినదాన్ని. అతని గదిలో నేను చూసింది ఉప్పునీళ్ళే. వాటి దగ్గర పొద్దస్తమానం కూర్చునేది అతనే. ఇందులో అబద్ధమేముంది?

పలక ఎందుకంటే, నాకు చెవుడు. పుట్టుచెవుడు కాదు. అమ్మాయి పెళ్ళికి ముందు ఏడాది పెద్ద జ్వరం వచ్చింది. దానికి వాడిన మందు జ్వరంతో పాటు వినికిడినీ పట్టుకుపోయింది. కిక్కిరిసిన బస్సులో వెనక సీటువాడు నన్ను గొణుక్కుంటూ తిట్టినా ముందు తలుపు దగ్గర నుంచి విని సమాధానం చెప్పిన చెవులివి. చెవిలో పెట్టుకునే మిషన్లు మార్చి మార్చి చూశాను, అవన్నీ దండగే అయ్యాయి. భోజనాల దగ్గర అందరూ నవ్వుతారు. ఎందుకు నవ్వారో ఎవరో ఒకరు రాసి నా ముందు పెట్టేసరికి ఆ జోకు చల్లారిపోయి ఉంటుంది. అప్పుడు నేనొక్కదాన్నే నవ్వుతాను. వాళ్ళు అప్పటికే ఇంకో కబురులో ఉంటారు. నాకు తలకొట్టేసినట్టయ్యేది.

అల్లుడు వచ్చింది ఆ తరవాతే. అందుకని నాకు అతని చేతిరాత తెలుసు గానీ గొంతు తెలియదు. మొదటిసారి ఇంటికొచ్చినప్పుడే ఒక తెల్లటి ప్లాస్టిక్ పలక, రంగు పెన్నులు సంచిలో పెట్టుకొచ్చాడు. "నమస్కారం అత్తయ్యగారూ, బస్సులో మీ పెత్తనం గురించి చాలా విన్నాను, ఒక్క కబురైనా చెప్తే గానీ కదలను" అని రాశాడు. ఆ రోజు మొదలు మా ఇద్దరికీ అదే పని. రాయడం మొదలుపెడితే అతను ఆపడు. పలక నిండుతుంది, తుడుస్తాడు, మళ్ళీ నిండుతుంది. వాళ్ళ మేనేజరమ్మ గబగబా నడిచే నడకకి బొమ్మ, కింద దానికొక వ్యాఖ్య. నేను నవ్వలేక కడుపు పట్టుకునేదాన్ని. మా అమ్మాయి మాత్రం "ఆయన బయట ఎవరితోనూ మాట్లాడరమ్మా, ఆఫీసులో మౌనస్వామి అంటారు" అని రాసేది. నేను నమ్మితే కదా. పెదాలు చూసి మాట పోల్చుకోవడం నాకు అంతగా పట్టుబడలేదు. పైగా అతనికి మీసం పెదాల మీదికి వాలి ఉంటుంది, చూసినా తెలిసేదేమీ లేదు.

అతని ఉద్యోగం సంగతి కూడా నాకు పలక మీదే తెలిసింది. నాలాంటివాళ్ళకి చెవి వెనక చర్మం కింద ఒక మిషన్ పెడతారు. దాన్నుంచి దారంలాంటి తీగ ఒకటి లోపలి చెవిలోకి, నత్తగుల్లలా చుట్టుకుని ఉండే చోటికి వెళ్తుంది. ఆ తీగ మీద వరసగా చిన్న చిన్న ప్లాటినం చుక్కలుంటాయి. వాటినే ఎలక్ట్రోడ్లంటారు. ఆ చుక్కల నుంచి వచ్చే కరెంటు నరాన్ని తట్టి లేపితే మనకది చప్పుడనిపిస్తుంది. చుక్క ఎంత చిన్నదైనా కరెంటు తేలిగ్గా సాగాలని దాని మీద ఇంకో లోహంతో గరుకు పూత వేస్తారు. ఆ పూత ఊడకూడదు. ఒంట్లో ఉండేది ఉప్పునీరే కాబట్టి ఒంటి వేడికి కాచిన ఉప్పునీళ్ళలో ఆ తీగలు ముంచి, రాత్రీ పగలూ కరెంటు కొట్టి, కొన్నేళ్ళలో పడే దెబ్బ కొన్ని వారాల్లోనే పడేలా చేస్తారు. పూత తట్టుకుంటే పాసు. ఊడితే మళ్ళీ మొదటికి. పాసో ఫెయిలో తేల్చేవాడు మా అల్లుడు.

ఇలా ఉండగా వాళ్ళ కంపెనీ కొత్త పూత ఒకటి తయారుచేసింది. నా చెవులు చూసే డాక్టరు నాకు పరీక్షలు చేయించి, "మీ నరం రోజు రోజుకీ నీరసపడుతోంది. ఎక్కువ కరెంటు కావాల్సి వస్తుంది. మీకు ఈ కొత్త రకమే నయం. అలాగని ఏళ్ళ తరబడి కూర్చోకండి, నరం పూర్తిగా పడుకుంటే ఏ మిషనూ లేపలేదు" అని రాసిచ్చాడు. కొత్త రకం మొదట పెట్టించుకునేవాళ్ళలో నా పేరు చేర్చారు. అల్లుడు ఆ రోజే వాళ్ళ మేనేజరమ్మకి సంగతి చెప్పేశాడు. సొంత అత్తగారి వ్యవహారం కనక అతని సంతకంతో పాటు ల్యాబులో పక్క బల్ల దగ్గర పనిచేసే ఆవిడ సంతకం కూడా ఉండాలని మేనేజరమ్మ తేల్చింది. నాకేం, ఇద్దరు కాకపోతే పదిమంది పెట్టుకోనీ. నాకు వినపడితే చాలు.

కొత్త పూత మీద టెస్టు నడుస్తుండగానే హాస్పిటలువాళ్ళు నాకు స్కానింగులూ రక్తపరీక్షలూ పెట్టారు. అమ్మాయికి సెలవు దొరకలేదు. ఆ వారమంతా అల్లుడే నా వెంట తిరిగాడు. ఒక మధ్యాహ్నం వరండాలో బెంచీ మీద ఉన్నాం, చుట్టూ జనం. అతనికి ఫోనొచ్చింది. లేచి గోడవైపు తిరిగి మాట్లాడాడు. మెడ ఎర్రబడింది. ఏదో చెప్పబోయి ఆగి, చెయ్యి గాల్లో ఊపి, చటుక్కున పెట్టేశాడు. ఎవరని అడిగితే "ల్యాబ్ నుంచి. నీళ్ళు తగ్గాయట, ఏం చెయ్యాలని అడిగారు" అని రాశాడు. నీళ్ళ గొడవ నాకెందుకని ఊరుకున్నాను.

అతను తిరిగి పనిలోకి వెళ్ళాక టెస్టులో నంబర్లు బ్రహ్మాండంగా వస్తున్నాయన్నాడు. వారాలు గడిచేకొద్దీ పూత పాడయ్యేది పోయి ఇంకా బాగుపడుతున్నట్టు చూపిస్తోందట. మేనేజరమ్మ ఆఫీసంతా కేకు పంచిందట. నాకు ఆపరేషన్ తేదీ ఇచ్చారు. నేను వీధిలో కనిపించినవాళ్ళందరికీ చెప్పుకుని తిరిగాను. పక్కింటావిడకైతే, నీ గొంతు ఎలా ఉంటుందో చూస్తాను, నచ్చకపోతే మిషన్ ఆపేసి కూర్చుంటానని కూడా చెప్పాను.

నాలుగు రోజులు కూడా కాలేదు. సాయంత్రం అల్లుడు మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చాడు. బూట్లు విప్పకుండానే పలక తీసుకుని నా ఎదురుగా కూర్చున్నాడు. "అత్తయ్యగారూ, టెస్ట్ చెల్లదు. మళ్ళీ మొదలుపెట్టాలి. మీ ఆపరేషన్ వాయిదా పడుతుంది. తప్పు నాది" అని రాశాడు.

జరిగింది ఇది. కాచే నీళ్ళు ఎంత మూత పెట్టినా కొంచెం కొంచెం ఆవిరైపోతాయి. పోయేది నీళ్ళే, ఉప్పు కదలదు. కాబట్టి తగ్గినప్పుడల్లా ఉప్పులేని డిస్టిల్డ్ వాటర్ పోయాలి. అతను లేని వారం పక్క బల్ల ఆవిడ ఫోను చేసి అడిగితే ఇతను "గీత దాకా నింపండి" అని మాత్రం చెప్పాడు. దేనితో నింపాలో చెప్పలేదు. ఆవిడ ఆ సెక్షన్‌కి కొత్త. ఉన్నది ఉప్పునీరే కదా అని సీసాలోని ఉప్పునీరే పోసింది. ఇతను తిరిగొచ్చాక కూడా ఆవిడ అదే పద్ధతిలో పోస్తూ పోయింది. ఉప్పు పెరిగితే నీళ్ళలో కరెంటు తేలిగ్గా పారుతుంది. ఆ తేలికే పూత గొప్పదనంలా నంబర్లలో కనపడింది. బీకరు అంచున తెల్లటి ఉప్పు పెచ్చు ఎప్పటికంటే మందంగా పేరుకుని ఉండడం చూసి ఇతనికి అనుమానమొచ్చి కొలిస్తే అసలు సంగతి బయటపడింది. వెళ్ళి మేనేజరమ్మకి చెప్పి వచ్చాడు.

నాకు మండిపోయింది. "చెప్పి వచ్చారా అల్లుడుగారూ? శభాష్. నా తేదీ కాస్తా ఉప్పునీళ్ళలో కలిపి వచ్చారన్నమాట. ఫోనులో ఇంకొక్క ముక్క చెప్తే నోరు అరిగిపోయేదా?" అన్నాను. నా గొంతు ఎంత పెద్దదో నాకు తెలియదు గానీ పక్కింటి బాల్కనీలోకి మనుషులొచ్చారు. అతను ఏదో రాయబోయాడు. నేను కళ్ళు మూసుకున్నాను. చెవిటిదానికి ఇదొక సౌకర్యం. కళ్ళు మూసుకుంటే ఇక లోకంలో ఎవడూ మనకి ఎదురు చెప్పలేడు.

ఆ వారంలో నేను అతని పలక వైపు చూడలేదు. అతను రాసి బల్ల మీద పెట్టేవాడు, నేను దాని మీద కూరగాయల సంచి పెట్టేదాన్ని. ఆదివారం మధ్యాహ్నం అతను బయటికి వెళ్ళినప్పుడు మా అమ్మాయి నా ఎదురుగా వచ్చి కూర్చుని, నా రెండు చేతులూ గట్టిగా పట్టుకుని వదిలి, పలక మీద రాసింది. దాని చేతిరాత కోపంలో కోడి గెలికినట్టుంటుంది.

"నోరు అరిగిపోతుందా అన్నావు కదా. ఆయనకి నత్తి అమ్మా."

నాకు అర్థం కాలేదు. "ఎవరికి?"

"నీ అల్లుడికి. చిన్నప్పటినుంచీ. 'డ'తో మొదలైతే అసలు రాదు. కొత్తవాళ్ళ ముందు మరీ కష్టం. ఆ రోజు హాస్పిటల్లో అందరూ చూస్తుంటే 'డిస్టిల్డ్' అనే మాట దగ్గర ఇరుక్కుపోయారు. అర నిమిషం పెనుగులాడి, ఆ మాట వదిలేసి ఫోను పెట్టేశారు. తరవాత మెసేజ్ పెడదామనుకుంటే నిన్ను స్కానింగ్‌కి పిలిచారు, ఆ హడావిడిలో మరిచిపోయారు."

"ఇన్నేళ్ళలో నాకెందుకు చెప్పలేదే?"

"చెప్పొద్దన్నారు. మీ అమ్మ ఒక్కరితోనే నేను హాయిగా కబుర్లు చెప్పగలుగుతున్నాను, అది పాడుచెయ్యకు అన్నారు. నాతో కూడా సగం మాటలే అమ్మా. మిగతా సగం నేనే అందించేస్తుంటాను."

ఊళ్ళో అందరికీ మౌనస్వామి అయిన మనిషి నా దగ్గర వాగుడుకాయ ఎందుకయ్యాడో అప్పటికి తెలిసింది. నాకు సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది, దాచుకోవడమెందుకు. ముక్కు చీదుకుని, అతను రాగానే "నాయనా, మీ ఉప్పునీళ్ళు నాకు చూపించండి" అన్నాను. నేను కోపంలోనే అల్లుడుగారూ అంటాను. నాయనా అనేసరికి అతని మొహం విప్పారింది.

మర్నాడు తీసుకెళ్ళాడు. చిన్న గది. గోడవార పెద్ద తొట్టెలో గోరువెచ్చటి నీళ్ళు, ఆ నీళ్ళలో మూతలు పెట్టిన బీకర్లు, ఒక్కో మూతలోంచి వెంట్రుకంత తీగలు. తెరల మీద పచ్చటి అలలు ఎగిరెగిరి పడుతున్నాయి. తలుపు మీద ఇక్కడ ఏమీ తినరాదు, తాగరాదు అని ఉంది. రుచి చూస్తే మొదటి రోజే తెలిసిపోయేదిగా అన్నాను. పక్క బల్ల ఆవిడ పాపం నేలచూపులు చూసింది. ఆవిడ భుజం తట్టి, నేను కూడా ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక బస్సుని దాని ఊరికి కాక వేరే ఊరికి రైట్ చెప్పి పంపించానని చెప్పాను. అది నిజం కాదు, ఆవిడ నవ్వాలని చెప్పాను.

అల్లుడు మైక్రోస్కోప్ దగ్గర కూర్చోబెట్టాడు. ముందు నా కనురెప్పల వెంట్రుకలే కనపడ్డాయి. ఇదేం పూత నాయనా, తుమ్మచెట్టులా ఉందంటే అతను భుజాలు కుదిపి నవ్వి, చక్రం తిప్పాడు. వెండిలా మెరిసే గుండ్రటి చుక్క ఒకటి తేలింది. దాని అంచున ఒక పక్క పూత లేచి ఉంది, కాచిన పాల మీద మీగడ అంచు లేచినట్టు. "నీళ్ళు సరిచేశాక, కరెంటుకి ఎంత అడ్డు పడుతోందో చూపే నంబర్లు పైకి ఎగిరాయి. తీసి చూస్తే ఇలా ఉంది. ఇంకొన్నాళ్ళుంటే ఊడిపోయేది" అని రాశాడు.

"ఇది నా తలలోకి వచ్చేదా?"

అతను పలక తుడుస్తూ తలూపాడు.

నిజం చెప్పినందుకు ఈ మనిషినా నేను వారం పాటు సాధించింది అనుకున్నాను. మైక్రోస్కోప్ దగ్గర నుంచి లేచి, "మీ నోటి సంగతి అమ్మాయి చెప్పింది నాయనా" అన్నాను. అతను గబగబా పలక మళ్ళీ తుడిచాడు. దాని మీద ఏమీ లేదు, అయినా తుడిచాడు.

"నాకు వినపడితే మీకే కష్టం కదా. మరి ఎందుకింత తాపత్రయపడి ఈ మిషన్ పెట్టిస్తున్నారు?"

పెన్ను మూత తీసి రాశాడు. "భోజనాల దగ్గర మీరు చివర్న ఒక్కరే నవ్వుతుంటే చూడలేకపోతున్నాను."



తరవాత పూత వేసేవాళ్ళు ప్లాటినాన్ని ముందు శుభ్రం చేసే పద్ధతి మార్చారు. కొత్త తీగలు వచ్చాయి, కొత్త నీళ్ళు కాచారు. ఈసారి డిస్టిల్డ్ వాటర్ సీసాకి ఎర్ర టేపు చుట్టి, తొట్టె పక్కనే గొలుసుతో కట్టేశారు. ఉప్పునీళ్ళ సీసా అవతలి గదికి పోయింది. మధ్యలో డాక్టరు నా నరాన్ని మళ్ళీ పరీక్షించాడు. ఆ రోజు మాత్రం నేను అన్నం తినలేకపోయాను. నరం పడుకుందేమో, ఇంత నిజాయితీకీ చివరికి నాకు మిగిలేది పలకేనేమో అని గుబులు. డాక్టరు కాగితం చూసి, నా వైపు చూసి, బొటనవేలు పైకెత్తాడు. నరం ఇంకా మేలుకునే ఉందన్నమాట.

పూత పాసైంది. అల్లుడు సంతకం పెట్టాడు, పక్క బల్ల ఆవిడా పెట్టింది, మేనేజరమ్మ మళ్ళీ కేకు పంచింది. నాకు ఆపరేషనైంది. చెవి వెనక కుట్లు మానేదాకా మిషన్ పని మొదలుపెట్టరు. ఆ రోజుల్లో అల్లుడు పలక మీద రోజూ కంటే ఎక్కువ రాశాడు. ఉన్న కబుర్లన్నీ ముందే చెప్పేసుకుంటున్నట్టుగా ఉండేది.

మిషన్ ఆన్ చేసే రోజు మేం ముగ్గురం వెళ్ళాం. ఆ పని చూసే అమ్మాయి బయటి చప్పుడు లోపలి మిషన్‌కి అందించే బిళ్ళలాంటిది ఒకటి నా చెవి వెనక అతికించి, కంప్యూటర్ దగ్గర కూర్చుంది. ముందు టిక్కుటిక్కుమని ఏవో తాకాయి. తరవాత గదిలో కుర్చీ జరిగిన చప్పుడు. మా అమ్మాయి వంగి "అమ్మా" అంది. రేకు డబ్బాలో గులకరాయి దొర్లినట్టుంది ఆ గొంతు. అయినా అది మాటే, అమ్మా అనే మాటే. నేను దాని చెంప పట్టుకుని ఏడ్చాను. "ఏమిటే ఈ గొంతు, జలుబు చేసిందా" అన్నాను. అందరూ నవ్వారు. వాళ్ళతో పాటే నేనూ నవ్వాను.

అల్లుడు తలుపు పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాడు. చేతిలో పలక ఉంది. అప్పుడే ఏదో రాసేశాడు, చూపించాడు. "శుభాకాంక్షలు అత్తయ్యగారూ" అని.

"అది నేను చదవను" అన్నాను. "ఇలా దగ్గరికి రండి నాయనా. వచ్చి చెప్పండి."

అతను వచ్చి నా ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. పలక ఒళ్ళో బోర్లా పెట్టుకున్నాడు. మీసం కదిలింది. "అ" అన్నాడు. ఆగింది. మళ్ళీ "అ, అ, అత్" అన్నాడు. మెడ మీద నరాలు ఉబ్బాయి, కళ్ళు మూసుకున్నాడు. గదిలో ఇంక ఏ చప్పుడూ లేదు. ఆ ఒక్క అక్షరం తలుపు తోసినట్టు నా చెవిలో మళ్ళీ మళ్ళీ తగులుతోంది. మా అమ్మాయి అలవాటు కొద్దీ ముందుకు వంగి, అతని మాట తను పూర్తి చెయ్యబోయింది.

"నువ్వాగవే" అన్నాను. "వినడానికి తల కోయించుకున్నది నేను, చెప్పేది మీ ఆయన. మధ్యలో నువ్వెవరివి?"

మా అమ్మాయి నోరు మూసుకుంది. నేను కుర్చీ ఇంకొంచెం ముందుకి లాక్కుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అల్లుడు కళ్ళు తెరిచి నా వైపు చూశాడు. ఊపిరి పీల్చుకుని మళ్ళీ మొదటినుంచి అందుకున్నాడు. నేను ప్రతి ముక్కా విన్నాను.